బోటులో 14 నెలల నాటి పెట్రోలు: వాడొచ్చా, పారబోయాలా?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది గొల్లపూడి. నది మధ్య లంకలో మాకు ఎకరన్నర తోట ఉంది. రాకపోకల కోసం నాన్న ఒక ఫైబరు బోటు, దానికి 25 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ ఇంజను కొన్నారు. నాన్న పోయి ఏడాది దాటింది. అప్పటినుంచి బోటు రేకుల షెడ్డులోనే ఉంది. ఎర్ర ట్యాంకులో సుమారు 18 లీటర్ల పెట్రోలు ఉంది. నాన్నే ఆయిలు కలిపి పెట్టారు, 14 నెలలైంది. సగం కొత్త పెట్రోలు పోసి లాగించెయ్యొచ్చని మా బావ అంటున్నాడు. పక్కింటాయన పారబోయమంటున్నారు గానీ ఎక్కడ పారబోయాలంటే చెప్పలేకపోయారు. బోటుకు పనికిరాకపోతే నా స్కూటీలో పోసుకోవచ్చా? నాకు ఇంజన్ల గురించి ఏమీ తెలియదు. అయినా బోటు అమ్మాలని లేదు. ఈ చలికాలం నేనే నడుపుకుంటూ తోటకు వెళ్ళాలని ఉంది.
(గొల్లపూడి నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం:

అమ్మా, బోటు అమ్మకుండా ఉంచుకున్నందుకు ముందుగా నా సంతోషం అందుకోండి. 14 నెలలు ఊరికే ఉన్నంత మాత్రాన ఆ ఇంజను పాడైపోదు. ఓపిగ్గా శుభ్రం చేసుకుంటే మళ్ళీ నడుస్తుంది. ఆ 18 లీటర్లలో మాత్రం ఒక్క చుక్క కూడా ఇంజనులోకి పోనివ్వకండి. సగం కలిపి కాదు, పావు వంతు కలిపి కూడా వద్దు.

బావగారి సలహా ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. పాతికేళ్ళ కిందట మేమూ అదే చేసేవాళ్ళం. నిలవ పెట్రోలు వాసన చూసి, కాస్త కొత్తది పోసి, తాడు నాలుగుసార్లు లాగితే ఇంజను అందుకునేది. అప్పటి పెట్రోలు వేరు. ఇప్పుడు బంకులో మనకు పోసేదాంట్లో నూటికి 20 పాళ్ళ దాకా ఇథనాల్, అంటే స్పిరిట్, కలిసి ఉంటోంది. రోజూ తిరిగే బండిలో వారానికోసారి ట్యాంకు ఖాళీ అవుతుంది కాబట్టి దాని సంగతి మనకు పట్టదు. ఏటి ఒడ్డున షెడ్డులో పడుకున్న బోటు దగ్గరికి వచ్చేసరికి అదే అసలు సంగతి అవుతుంది.

స్పిరిట్‌కు నీళ్ళంటే ప్రాణం. గాలిలోని తేమను తనలోకి లాక్కుంటుంది. మీ ఎర్ర ట్యాంకు మూత మీద గాలి తీసుకునే చిన్న మర ఒకటి ఉంటుంది. అది కాస్త వదులుగా ఉన్నా చాలు, పగటి ఎండకు ట్యాంకు లోపలి ఆవిరి బయటికి పోతుంది, రాత్రి చల్లబడ్డాక బయటి తేమగాలి లోపలికి వస్తుంది. 14 నెలలపాటు రోజూ ఇదే జరిగిందనుకోండి. పది పాళ్ళ ఇథనాల్ ఉన్న పెట్రోలు నూటికి దాదాపు అరపాలు నీటిని తనలో కలుపుకుని ఊరుకోగలదు, 20 పాళ్ళదైతే ఇంకొంచెం ఎక్కువ. ఆ హద్దు దాటిందంటే స్పిరిటూ నీళ్ళూ చేయీ చేయీ పట్టుకుని పెట్రోలును వదిలేసి అడుక్కు దిగిపోతాయి. చలి పెరిగేకొద్దీ ఆ హద్దు తగ్గుతుంది. అందుకే మే నెలలో బాగానే కనిపించిన ట్యాంకు పుష్యమాసపు తెల్లవారుజామున రెండు పొరలుగా విడిపోవచ్చు.

మీరు గట్టిగా గుర్తుపెట్టుకోవలసిన మాట ఇప్పుడు చెబుతాను. టూ స్ట్రోక్ ఇంజనులో పిస్టనుకు నూనె అందేది పెట్రోలులో కలిపిన ఆయిలు వల్లే. స్కూటీకి ఉన్నట్టు అడుగున వేరే ఆయిలు గది ఉండదు. పొరలు విడిపోయినప్పుడు ఆయిలు పై పెట్రోలులోనే ఉండిపోతుంది, అడుగుకు దిగిన నీళ్ళ స్పిరిట్‌లో ఆయిలు ఉండదు. ట్యాంకులోంచి పీల్చే గొట్టం మూతి ఎక్కడుంటుంది? అడుగునే. అంటే తాడు లాగగానే ఇంజనుకు మొదట అందేది నూనె లేని, సరిగా మండని ఆ అడుగు పొరే. పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకు అందించే కార్బొరేటరులో మిగిలిన కాసిని చుక్కలతో ఇంజను అంటుకున్నా, ఆ తర్వాత పిస్టను పొడిగా రాసుకుంటూ వేడెక్కి పట్టేస్తుంది. దాన్నే మేం సీజైంది అంటాం.

ఇది నా చేతుల మీదుగానే ఒకసారి జరిగింది. కొన్నేళ్ళ కిందట ఇబ్రహీంపట్నం ఫెర్రీ వైపునుంచి ఒక చేపల పడవ ఆయన ఇంజను తెచ్చాడు, స్టార్టు కావడం లేదని. కార్బొరేటరు విప్పి, కడిగి, ప్లగ్గులు మార్చి, నా దగ్గరున్న మంచి పెట్రోలుతో నీళ్ళ డ్రమ్ములో నడిపించి చూపించాను. చక్కగా తిరిగింది. ఆయన ట్యాంకు తేలేదు, తెమ్మని నేనూ అడగలేదు. మూడో రోజు ఏటి మధ్యలో ఇంజను పట్టేసింది. ఇంకో పడవవాళ్ళు తాడు కట్టి ఒడ్డుకు లాక్కొచ్చారు. పిస్టను తీసి చూస్తే పొగ బయటికి పోయే వైపు నిలువునా గీతలు పడి ఉన్నాయి. ట్యాంకు వంచితే అడుగున లీటరున్నర దాకా తెల్లటి నీళ్ళలాంటిది వచ్చింది. తప్పు నాది. ఆ రోజు మొదలు ట్యాంకు చూడకుండా ఏ ఇంజనూ ముట్టుకోలేదు.

రోడ్డు మీద బండి ఆగితే పక్కకు తోసుకుంటాం. మీ బోటు ఆగేది ప్రకాశం బ్యారేజీకి ఎగువన, ప్రవాహం మధ్య. గేట్లు దించి ఉన్నప్పుడు అక్కడి నీళ్ళు చెరువులా కనిపిస్తాయి, నిజమే. గేట్లు ఎత్తిన రోజున అదే నీరు ఎటు లాగుతుందో మీ ఊరివాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. 2024 సెప్టెంబరు వరదలో కొట్టుకొచ్చిన పడవలు గేట్లను గుద్దుకుని, వాటి కౌంటర్‌వెయిట్లు, అంటే గేట్ల బరువుకు తూకంగా ఉండే దిమ్మెలు, విరిగిన దృశ్యం మనమంతా చూశాం. 18 లీటర్ల పెట్రోలు ఖరీదు దాదాపు 2,000 రూపాయలు. దాన్ని మిగుల్చుకోవడానికి మిమ్మల్ని ఆ నీళ్ళ మీదికి పంపలేను.

పొరలు విడిపోకపోయినా నా సమాధానం మారదు. ఇంజను తేలిగ్గా అంటుకోవడానికి పనికొచ్చే పలుచటి భాగం ముందుగా ఆవిరైపోతుంది. మన ఊళ్ళో వేసవికి రేకుల షెడ్డులో ఎంత వేడి ఉంటుందో మీకు తెలుసు. మిగిలినది గాలితో కలిసి జిగురు కడుతుంది. కార్బొరేటరులో పెట్రోలును కొలతగా వదిలే జెట్టు ఉంటుంది, దాని సన్నటి రంధ్రాన్ని ఆ జిగురే మూసేస్తుంది. కొత్త పెట్రోలు కలిపితే జిగురు పలచబడుతుందే గానీ పోదు. నిలవ పెట్రోలుకు మందులంటూ దొరికే సీసాలున్నాయి, వాటి మీద ఆశ పెట్టుకోకండి. అవి తాజా పెట్రోలులో మొదటిరోజే పోయాల్సినవి. చెడిపోయినదాన్ని వెనక్కి తేలేవు.

ఇంత చెప్పినా ఒకసారి మీ కళ్ళతో చూస్తే మీకూ బావగారికీ సందేహం తీరుతుంది. ట్యాంకును షెడ్డులోంచి ఆరుబయటికి తెచ్చి, కదపకుండా ఒక పూట ఉంచండి. గొట్టానికి ఇంజను వైపు ఉండే కనెక్టరులో చిన్న గుండు ఒకటి స్ప్రింగుతో మూసుకుని ఉంటుంది. దాన్ని స్క్రూడ్రైవరు మొనతో లోపలికి నొక్కిపట్టి, మధ్యలో ఉన్న రబ్బరు బల్బును పిసికితే ట్యాంకు అడుగునుంచి పెట్రోలు వస్తుంది. ఒక గాజు సీసాలోకి పట్టి అరగంట కదపకుండా ఉంచండి. రెండు పొరలు కనిపిస్తే ఇక మాటే లేదు. పై పొరకు ఆయిలు రంగు ఉంటుంది, అడుగు పొర పాలిపోయి ఉంటుంది. తేడా తెలియకపోతే కేసరిలో వేసే రంగు, నీళ్ళలో కరిగేది, ఒక్క చుక్క వేయండి. నీళ్ళున్న పొరే ఆ రంగు పట్టుకుంటుంది. పొరలు లేకపోతే పక్కన ఇంకో సీసాలో తాజా పెట్రోలు పెట్టి రంగూ వాసనా పోల్చండి. పాతది టీ డికాక్షన్ రంగుకు తిరిగి, పుల్లటి వార్నిష్ వాసన వస్తుంది. మరీ దగ్గరగా పెట్టి పీల్చకండి, దూరంనుంచి చేత్తో విసురుకుంటే చాలు.

ట్యాంకు ఖాళీ చేయడానికీ ఆ బల్బు పద్ధతే మంచిది. లేదా ఇద్దరు పట్టుకుని గరాటుతో డబ్బాలోకి వంచండి. నోటితో గొట్టం పీల్చి తీయడం మన దగ్గర మామూలే, మీరు మాత్రం చేయొద్దు. ఒక్క గుక్క పొరపాటున ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే ఆసుపత్రి పాలవుతారు. ఎవరైనా మింగితే వాంతి చేయించకూడదు, నేరుగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. పైకి పోదు, బోటు అడుగునా షెడ్డు మూలల్లోనూ పేరుకుంటుంది. అందుకే ఈ పనంతా ఆరుబయట, పొద్దున చల్లటి వేళ చేయాలి. బోటులో బ్యాటరీ ఉంటే ముందే దాని తీగలు విప్పేయండి. ఫోన్లు దూరంగా పెట్టండి, దగ్గరలో పొయ్యీ బీడీ ఉండకూడదు. డబ్బాను నేల మీద ఆనించి పట్టండి, ఆటో ట్రాలీలో ప్లాస్టిక్ షీటు మీద పెట్టి పోయకండి.

ఇక ఎక్కడ పారబోయాలన్న ప్రశ్న. మీ పక్కింటాయన చెప్పలేకపోయారంటే ఆయన తప్పేం లేదు, తేలికైన జవాబు నిజంగానే లేదు. ఎక్కడ పోయకూడదో ముందు చెబుతాను. నదిలో వద్దు, మురిక్కాల్వలో వద్దు, తోట గట్టున మట్టిలో వద్దు. బ్యారేజీ దగ్గర ఆగిన ఈ నీళ్ళనే బెజవాడ తాగుతోంది. ఇవే బందరు, ఏలూరు, రైవస్ కాలువల్లోనూ, అవతల గుంటూరు వైపు కాలువలోనూ పొలాలకు పోతున్నాయి. ఎండుటాకుల కుప్ప మీద పోసి అంటించడం ఇంకా ప్రమాదం, పుల్ల గీసేలోపే ఆవిరి భగ్గుమంటుంది. కూల్‌డ్రింకు సీసాల్లో పోసి వంటింటి అటక మీద పెట్టడమూ వద్దు. పిల్లలు దాన్ని తాగిన ఇళ్ళను నేనెరుగుదును.

చేయవలసింది ఇది. మూత బిగుతుగా పట్టే ఇనప డబ్బాలోకి మార్చి, మీద “పాడైన పెట్రోలు, ఆయిలు, నీళ్ళు” అని పెయింటుతో పెద్దగా రాయండి. తర్వాత ఆటోనగర్‌లో వాడిన ఆయిలు కొనే లైసెన్సు ఉన్నవాళ్ళను కనుక్కోండి. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పత్రం చూపించమని అడగడానికి మొహమాటపడకండి. ఇందులో పెట్రోలు ఉందని వాళ్ళకు స్పష్టంగా చెప్పాలి. మామూలు ఇంజను ఆయిలు అనుకుని వేడిచేస్తే అంటుకుంటుంది, అక్కడ పనిచేసే కుర్రాళ్ళ ప్రాణాల మీదికి వస్తుంది. వాళ్ళు తీసుకోకపోతే మీ శానిటరీ ఇన్‌స్పెక్టరును అడగండి. ఇళ్ళలోని ప్రమాదకర వ్యర్థాలను వేరుగా సేకరించే బాధ్యత స్థానిక సంస్థలదే. వారం పట్టినా ఫర్వాలేదు, అప్పటిదాకా డబ్బాను నీడలో, ఇంటికి ఎడంగా ఉంచండి.

స్కూటీ సంగతి: వద్దు. 2020 తర్వాత వచ్చిన బీఎస్ 6 (పొగ ప్రమాణం) బండైతే అందులో పెట్రోలును చిమ్మే ఇంజెక్టరు, సైలెన్సరులో పొగను శుభ్రంచేసే క్యాటలిస్టు ఉంటాయి. ఆయిలు కలిపిన పెట్రోలు రెండింటికీ చేటే. తోటలో మందు కొట్టే తైవాన్ స్ప్రేయరు కూడా టూ స్ట్రోకే కదా, దాంట్లో పోయొచ్చా అని బావగారు అడుగుతారు. 14 నెలలదాన్ని దాంట్లోనూ పోయొద్దు. అది చిన్న ఇంజను, ఇంకా తొందరగా పట్టేస్తుంది.

ఇంజను పని ఆటోనగర్‌లోనో, ఘాట్ల దగ్గరి బోటు మెకానిక్ చేతనో చేయించండి. మీరు మాత్రం పక్కనే నిలబడి చూడండి. ఒకసారి చూస్తే వచ్చే ఏడు సగం పని మీరే చేసుకుంటారు. ట్యాంకును అర లీటరు కొత్త పెట్రోలుతో రెండుసార్లు గిలక్కొట్టి కడిగి, ఆ కడుగునూ పాత డబ్బాలోనే పోసి, మూత తీసి నీడన ఆరనివ్వాలి. గొట్టాన్ని వంచి చూడండి, పగుళ్ళున్నా మెత్తబడి జిగటగా ఉన్నా బల్బుతో సహా కొత్తది వేయించండి. స్పిరిట్ పాత రబ్బరును తినేస్తుంది. ఇంజను మీది చిన్న ఫిల్టరు, పెట్రోలు పంపులోని పలుచటి పొర కూడా మార్పించండి. పెద్ద ఖర్చు కాదు.

కార్బొరేటరు మాత్రం పూర్తిగా విప్పాలి. అడుగు గిన్నెలో పచ్చటి పాకుడో గోధుమరంగు జిగురో ఉంటుంది. జెట్లు ఇత్తడివి, రంధ్రం వెంట్రుకంత. కొందరు సైకిలు బ్రేకు తీగతో పొడుస్తారు, దాంతో రంధ్రం పెద్దదై ఇంజను లెక్క తప్పుతుంది. కార్బ్ క్లీనరులో నానబెట్టి, గాలి కొట్టి, అప్పటికీ మొండికేస్తే వలలు అల్లే సన్నటి నైలాను దారం దూర్చమనండి. ఇది చెప్పడానికి సిగ్గుపడకండి, మంచి మెకానిక్ ఎవరూ తప్పుపట్టరు.

తాడు లాగే ముందు ప్లగ్గులు తీసి, ఒక్కో రంధ్రంలో చెంచాడు టూ స్ట్రోక్ ఆయిలు వేసి, ఇంజను పైనుండే చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పించండి. ఎక్కడా పట్టకుండా తిరగాలి. గేరు ఆయిలు మర కొద్దిగా వదులు చేస్తే పాలు కలిపిన టీలా వచ్చిందా, సీలు పోయి లోపలికి నీళ్ళు చేరినట్టే. నీళ్ళు పంపులోని రబ్బరు రెక్కల చక్రం అన్నాళ్ళు ఒకే భంగిమలో ఉండి వంగిపోయి ఉంటుంది, అదీ మార్చాలి. దానివల్లే ఇంజను చల్లబడుతుంది.

కొత్త పెట్రోలు ఐదు లీటర్లే పోయించుకోండి. చాలా ఇంజన్లకు 50కి 1 పాళ్ళు, అంటే ఐదు లీటర్లకు 100 మిల్లీలీటర్ల ఆయిలు. మీ ఇంజను పుస్తకంలో వేరుగా ఉంటే అదే సరి. బోటు ఇంజన్ల ఆయిలు డబ్బా మీద టీసీ డబ్ల్యూ 3 అని ఉంటుంది, మోటారు సైకిలు ఆయిలు వాడకండి. సగం పెట్రోలు, ఆ మీద ఆయిలు పోసి బాగా ఊపి, తర్వాత మిగతా సగం పోయాలి. మీ నాన్నగారు ఆయిలు కొలిచిన సీసా షెడ్డులో ఎక్కడో ఉంటుంది, వెతకండి. దాని మీద ఆయన పెట్టుకున్న గీతలుంటే, ఆ కొలత సరిపోయిందేమో చూసి, ఇకముందు దాంతోనే కొలవండి. పెట్రోలు పారబోయడానికి మీకు మనసొప్పడం లేదేమోనని మీ ఉత్తరం చదువుతుంటే అనిపించింది. ఆయన చేతి గురుతు నిలిచి ఉండేది ఆ సీసాలో.

డీజిలు ఇంజను ఉన్నవాళ్ళకు ఒక మాట. డీజిలు ఇంత త్వరగా చెడదు గానీ ట్యాంకు అడుగున చేరిన నీళ్ళ మీద బూజులాంటి నల్లటి పాకుడు పెరిగి ఫిల్టర్లను మూసేస్తుంది. ముందు అడుగు మర విప్పి నీళ్ళు వంపండి, ఫిల్టర్లు మార్చండి, ఆ తర్వాత గొట్టాల్లో చేరిన గాలి తీయండి.

మళ్ళీ నిలవ పెట్టవలసి వస్తే, అది ఎటూ వస్తుంది, జూలైనుంచి అక్టోబరు దాకా వరద కాలమే కాబట్టి, చివరి ప్రయాణం అయ్యాక గొట్టం ఊడదీసి, ఇంజనును నీళ్ళలోనే నడుపుతూ దానంతట అది ఆగిపోయేదాకా ఉంచండి. కార్బొరేటరు ఎండిపోతుంది. ట్యాంకులో మిగిలింది వెంటనే తైవాన్ స్ప్రేయరుకు వాడేయండి, అప్పటికి అది తాజాదే, ఆయిలు పాళ్ళు దానికి చాలకపోతే ఇంకాస్త కలుపుకోండి. ఆయిలు కలిపిన పెట్రోలు నెల దాటి ఉంచవద్దు. కలిపిన తేదీని ట్యాంకు మీద మార్కరుతో రాసే అలవాటు చేసుకోండి. ఎక్కువ కొని దాచే ఆలోచనా వద్దు, లైసెన్సు లేకుండా ఇంట్లో 30 లీటర్లకు మించి పెట్రోలు ఉంచకూడదని 1934 నాటి పెట్రోలియం చట్టమే చెబుతోంది. ఆ 30 లీటర్లకైనా డబ్బా ఇనపదైతే ఒక్కోటి 25 లీటర్లు దాటకూడదు.

మొదటి పరీక్ష డ్రమ్ములో, పంకా పైన ఉండే పళ్ళెం మునిగేదాకా నీళ్ళు పోసి చేయండి. ఇంజను పక్కనుంచి సన్నటి నీళ్ళ ధార వస్తోందా చూడండి. నిమిషంలో రాకపోతే ఆపేయండి. పది నిమిషాలు నిలకడగా తిరిగాక చల్లారనిచ్చి ప్లగ్గు తీస్తే ఇటుక రంగుకు దగ్గరగా ఉండాలి. తెల్లగా పాలిపోయి ఉంటే జెట్టు ఇంకా మూసుకుపోయినట్టు, మళ్ళీ విప్పించండి.

తర్వాత ఏరు. గాలి లేని ఉదయం, లైఫ్ జాకెట్లు తొడుక్కుని, రెండు తెడ్లు, లంగరు, పొడవాటి తాడు వేసుకుని వెళ్ళండి. ఇంజను ఆపే ఎర్ర తాడును మీ మణికట్టుకు తగిలించుకోండి. ముందు ఎగువకే వెళ్ళండి, ఇబ్రహీంపట్నం వైపు, గట్టు వెంబడే. మధ్యలో ఇంజను ఆగినా నీరు మిమ్మల్ని మీ రేవు వైపే తెస్తుంది. బ్యారేజీ వైపు వద్దు. మొదటి అరగంట సగం వేగం దాటకండి, బావగారిని తెడ్డు చేతిలో పట్టుకుని ముందు కూర్చోమనండి.